ఆంధ్ర చిత్రకారుడు దామెర్ల రామారావు

నేటి బాలబాలికలు జపాను దేశపు బొమ్మల కథలను మిక్కిలి మక్కువతో చదువుచున్నారు. వానికి మాంగా యని పేరు. అవియే తెరపై కదలాడినచో ఆనిమే యందురు. ఆ బొమ్మలలోని పిల్లలకు కన్నులు చెంపలదాక పెద్దవి. ముక్కు ఒక చిన్న గీత. నోరు ఒక చుక్క. జపానువారు అనాదిగా ఇట్లే గీయుచుండిరని మీరనుకొనవచ్చును. అది నిజము కాదు. హొకుసాయ్ అను మహాచిత్రకారుడు మాంగా అను పేరుతోనే తన బొమ్మల పుస్తకములలో మొదటిదానిని 1814లో వెలువరించెను. అందలి పనివారికిని మల్లయోధులకును కన్నులు సన్నని గీతలు మాత్రమే. నూటముప్పదేండ్లు గడచిన పిమ్మట తెజుకా ఒసాము అను యువకుడు అమెరికాలో డిస్నీ తీయించిన కదలు బొమ్మలను చూచి ముగ్ధుడై, వాని గుండ్రని పెద్దకన్నులను తన కథలలోనికి తెచ్చెను. 1947లో అతని కథ జపానునందు పిల్లలను ఉఱ్ఱూతలూపెను. మరి పదేండ్లకే మరికొందరు ఆ గుండ్రదనమును విడిచి, కరకు గీతలతో పెద్దల కథలను గీయసాగిరి. ఒక దేశపు బొమ్మల బాణీ ఇట్లు చేతులు మారుచు, పొరుగువారినుండి అప్పులు తెచ్చుకొనుచు, కొన్నిటిని తీర్చుచు సాగును.

మన తెలుగుదేశమునందును ఇట్టి మార్పు జరిగినది. ఇరువదియెనిమిదేండ్లు నిండకుండగనే కన్నుమూసిన ఒక యువకుని చేతిలో అది విశేషముగా జరిగినది. ఆయనయే దామెర్ల రామారావు.

రామారావు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి వైద్యుడు. ఆ కాలమున తెలుగునాట చిత్రలేఖనము ఏ స్థితిలో నుండెనో ముందు తెలిసికొనవలెను. వంశపరంపరగా బొమ్మలు వ్రాయువారు అక్కడక్కడ నుండిరి. మన సూళ్లూరుపేటకు చేరువనున్న శ్రీకాళహస్తిలో వెదురుపుల్లకు గుడ్డచుట్టి, ఆ కలముతో రామాయణ భారత కథలను వస్త్రములపై దిద్దు కలంకారీ పనివారిని మీలో కొందరు చూచియుందురు. ఆ బొమ్మలకును కన్నులు పెద్దవే. కాని అవి ఎవరి సినిమాను చూచి గీచినవి కావు, తాతలనుండి మనుమలకు దిగివచ్చినవి. ఇట్టి పనివారికి చదువుకొన్నవారిలో గౌరవము తక్కువగా నుండెను. లేపాక్షి గుడి కప్పుపై విజయనగర కాలపు చిత్తరువులు వెలవెలబోవుచుండ, వానిని తలయెత్తి చూచువారు అరుదు. ఇండ్లలో గోడలకు వ్రేలాడునవి రవివర్మ చిత్రముల అచ్చు ప్రతులు. రవివర్మ ఐరోపావారి తైలవర్ణ విధానమును నేర్చి మన పురాణ స్త్రీలను నిజమైన మనుష్యులవలె చిత్రించెను. 1894లో బొంబాయి ప్రాంతమున అచ్చుకూటము పెట్టించి వానిని ఇంటింటికి చేర్చెను. లక్ష్మీ సరస్వతుల రూపము మన కన్నులలో నేటికిని ఆయన దిద్దినదియే. చిత్రకారుడు కాగోరు తెలుగు యువకునకు ఆనాడు రవివర్మను అనుకరించుట తప్ప వేరు దారి కానరాకుండెను.

రామారావునకు ఆ దారి తప్పించినవాడు ఒక ఆంగ్లేయుడు. రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు 1909లో ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రధానాచార్యుడుగా వచ్చెను. ఆయన రచయిత; చిత్రకారుడు కూడ. కొలువుకై వచ్చిన దొర కొలువు చేసికొని పోవుట లోకసహజము. కూల్డ్రే అట్లు చేయలేదు. గోదావరి గట్టున విద్యార్థులతో కలసి తిరుగుచు, కవిత్వముపై మనసుగలవారిచే కవిత్వము వ్రాయించి, బొమ్మలపై మనసుగలవారిచే బొమ్మలు గీయించెను. తరువాతికాలమున రచయితగా, చిత్రకారుడుగా పేరొందిన అడివి బాపిరాజు, కవి కవికొండల వేంకటరావు, చిత్రకారుడు వరదా వెంకటరత్నము ఆయన శిష్యకోటిలోనివారే. వారిలో రామారావు చేతివాటమును కూల్డ్రే తొలుతనే కనిపెట్టెను. ఆంగ్లేయుడై యుండియు ఆయన తన శిష్యులను ఇంగ్లండు చిత్రముల ననుకరింపుమని ప్రోత్సహింపలేదు. ఈ దేశపు మనుష్యులను, ఈ దేశపు కథలను, ఈ దేశపు ప్రాచీన చిత్రములను చూడుమని వారిని మరల్చెను. వారిని అజంతాకును తీసికొనిపోయెను.

అజంతాను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. అక్కడి గుహలలో మొదటివి క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమునాటివి. తరువాతివి క్రీస్తుశకము అయిదవ శతాబ్దమునాటివి. మధ్య ఆరునూరేండ్ల యెడము. పదవ గుహలోని తొలి చిత్రములలో మనుష్యులు వరుసగా నిలిచి యుందురు; ఒకటవ గుహలోని పద్మపాణి మెడ వంచి, నడుము వంచి, కన్నులు వాల్చి తనలో తాను మునిగియుండును. ఒక్క కొండలోనే బాణీ ఎంత మారినదో చూడుడు. అడవిలో మరుగుపడిన ఈ గుహలు 1819లో ఒక ఆంగ్ల సైనికాధికారి కంటబడినవి. రామారావు వానిని చూచునాటికి నూరేండ్లు కావచ్చినది. నీడలతో బరువెక్కించి దేహమును చూపు రవివర్మ పద్ధతికి బదులు, వంపు తిరిగిన ఒక్క రేఖతోనే దేహమును చూపు పద్ధతి అక్కడ ఆయనకు ప్రత్యక్షమైనది. ఆయన తరువాతి చిత్రములను చూచినవారికి ఈ మాట అతిశయోక్తి అనిపించదు.

అయినను రేఖను చూచి మెచ్చుకొనుట వేరు, గీయుట వేరు. చేయి సాధన కోరును. కూల్డ్రే ప్రోత్సాహమున రామారావు 1916లో బొంబాయి చేరి, జె.జె. కళాపాఠశాలలో ప్రవేశించెను. ఆ పాఠశాల 1857లో వెలసినది. సెసిల్ బర్న్స్ అప్పుడు దానికి అధిపతి. అచ్చట చదువు పూర్తిగా ఐరోపా పద్ధతి. గ్రీకు విగ్రహములకు ప్లాస్టరుతో తీసిన నకళ్లను ఎదుట నుంచుకొని వెలుగునీడలు దిద్దవలెను. దూరపు వస్తువు ఎంత చిన్నదిగా కనబడునో లెక్కగట్టవలెను. రామారావు చదువుచుండగనే గ్లాడ్‌స్టన్ సాలమన్ ఆ పాఠశాలకు అధిపతియై, ప్రాణమున్న మనిషిని ఎదుట కూర్చుండబెట్టి గీయించు తరగతిని నెలకొల్పెను. మనిషి చేయి ఎత్తినప్పుడు భుజపుటెముక ఎటు కదలును, కూర్చున్నప్పుడు నడుమున ఏ కండరము బిగియును అనునది పుస్తకముల వలన రాదు. ఈ శిక్షణ కఠినమైనది. దానిని రామారావు కష్టపడి గడించెను. 1920లో ఆయన చదువు ముగించి ఉత్తీర్ణుడయ్యెను.

ఆ నాళ్లలో భారత చిత్రకారులలో గొప్ప వివాదము చెలరేగుచుండెను. ఒక వైపు బొంబాయి, మరియొక వైపు కలకత్తా. దేహమును ఉన్నదున్నట్లు గీయుట రానివాడు దేవతను ఏమి గీయగలడని బొంబాయివారి వాదము. ఉన్నదున్నట్లు గీయుట ఫొటో యంత్రము పని, భావమును గీయుటయే చిత్రకారుని పని యని కలకత్తావారి వాదము. కలకత్తా పక్షమునకు నాయకుడు అవనీంద్రనాథ ఠాగూరు. వింత యేమనగా, ఆయన విధానములోను జపాను పాలు కలదు. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అను ఇద్దరు జపాను చిత్రకారులు కలకత్తాకు వచ్చిరి. కాగితమును నీటితో తడుపుచు రంగును పలుచగా పరపు తైకాన్ పనితీరును చూచి, అవనీంద్రనాథుడు చిత్రమును కాగితముతో సహా నీటిలో ముంచి, ఆరనిచ్చి, మరల రంగు వేయు పద్ధతిని కల్పించుకొనెను. దానిని వాష్ పద్ధతి యందురు. ఇట్లు పలుమార్లు ముంచి తీసిన చిత్రములో రంగులన్నియు ఒకదానిలో నొకటి కరగి, మంచు తెర వెనుక ఉన్నట్లు కనబడును. స్వదేశీ ఉద్యమము రగులుచుండిన ఆ రోజులలో యువకులనేకులు ఈ మంచు తెరనే భారతీయత యని భావించిరి. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోదకుమార చటర్జీ అను వంగ చిత్రకారుడు ఆచార్యుడుగా వచ్చి ఈ విధానమును తెలుగువారికి నేర్పెను. కూల్డ్రే శిష్యుడే యైన అడివి బాపిరాజు ఆయన కడ నేర్చెను.

మరి రామారావు ఏ పక్షమును చేరవలెను? ఇది ఆయనకు సామాన్యమైన చిక్కు కాదు. చేతిలో బొంబాయి చదువు కలదు. మనసులో అజంతా కలదు. కలకత్తాకు వెళ్లి అక్కడి పనిని కన్నులార చూచివచ్చెను. గుజరాతు, కాఠియవాడ ప్రాంతములు తిరిగి అక్కడి స్త్రీపురుషుల వేషభాషలను తన పుస్తకములలో గీచికొనెను. ఏదో ఒక పక్షమును చేరిన కీర్తి సులభముగా వచ్చియుండును. బొంబాయిలో తైలవర్ణముల రూపచిత్రములు వ్రాసి ధనమార్జించుటయు కష్టము కాదు. ఆయన రెండును వదలి రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చెను. తెలుగువారు అప్పుడు మదరాసు రాజధానిలో భాగమై యుండిరి. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగినది మొదలు, తమకొక ప్రత్యేక రాష్ట్రము, ఒక విశ్వవిద్యాలయము కావలెనను కోరిక ప్రబలుచుండెను. భాషకును సాహిత్యమునకును ఆంధ్రత్వము కలదని చెప్పుకొనువారు, చిత్రకళకు వచ్చుసరికి వంగదేశమునో బొంబాయినో చూపవలసి వచ్చుచుండెను. రామారావు తలకెత్తుకొన్న పని ఇది.

ఆయన చేసినదేమి? నీటిరంగులను కలకత్తావారివలె వాడెను, కాని వారి మంచు తెరను తొలగించెను. ఆయన చిత్రములలో రంగు నిర్మలముగా, చదునుగా పరచుకొనియుండును. ప్రతి రూపమును ఒక స్పష్టమైన రేఖ చుట్టి నిలుపును. ఆ రేఖ అజంతాది. ఆ రేఖ లోపల దేహము తప్పులేక అమరియుండుట బొంబాయి చదువు ఫలము. ఇక ఆ దేహము ఎవరిది? కట్టు, బొట్టు, ముడి, నడక, అన్నియు గోదావరీ తీరపు స్త్రీలవి. రామారావు భార్య సత్యవాణి ఆయన చిత్రములకు అనేక పర్యాయములు ఎదుట కూర్చుండెను. చిత్రలేఖనమును తానును నేర్చెను. ఆయన సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రకారిణి యయ్యెను. కులస్త్రీలు కుంచె పట్టుటయే వింతగా నుండిన ఆ దినములలో ఇది చెప్పుకోదగినది.

ఆయన చిత్రములలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఋష్యశృంగ బంధనము. కథ మీకు తెలిసినదియే. విభాండకుడను ముని తన కుమారుని అడవిలో పెంచెను. ఆ బాలుడు తండ్రిని తప్ప మానవుని చూచి యెరుగడు. స్త్రీ యనగా నేమో అసలే యెరుగడు. అంగదేశమున వానలు కురియక కరవు రాగా, ఆ ముని అడుగిడినచో వాన కురియునని విని, రోమపాదుడను రాజు ఆతనిని రప్పించుటకై వారకాంతలను అడవికి పంపెను. పామర చిత్రకారుడు చేపట్టినచో వికారముగా దిగజారగల కథ ఇది. రామారావు దీనిని గీతల పొందికతో గెలిచెను. కోమలమైన వంపులుగల స్త్రీ రూపముల నడుమ లోకమెరుగని ముని కుమారుడు చిక్కుపడుటను, పాశములు లేకయే బంధమును చూపించెను. 1922లో కలకత్తా ప్రదర్శనమున ఈ చిత్రమునకు వైస్రాయి బహుమానము లభించినది. వంగ చిత్రకారుల పుట్టినింటిలోనే, వారి బాణీకి లొంగని ఒక తెలుగు యువకుని చిత్రము గెలుచుట సామాన్యము కాదు. పుష్పాలంకారము, సిద్ధార్థ రాగోదయము అను చిత్రములును ఆయన పేరు నిలిపినవి. తూర్పు కనుమల నడుమ గోదావరిని చిత్రించునప్పుడు ఆయన పురాణమును విడిచి ప్రకృతికి వచ్చెను. పాపికొండల సందున పోవు నీటిని పడవలోనుండి చూచిన తెలుగువాడు ఆ చిత్రమున తన ఊరి త్రోవను గుర్తుపట్టును.

అన్నియు సమానముగా గొప్పవి కావు. కొన్ని చిత్రములలో అజంతా చేతివేళ్లు, అజంతా మెడలు అప్పు తెచ్చినట్లే కనబడుచున్నవి. ఇరువదియైదేండ్ల వయసువాడు అప్పులేక నడచుట ఎట్లు? అంతకు మించి గమనింపవలసినది మరియొకటి కలదు. పెద్ద చిత్రములకు ముందు ఆయన గీచికొన్న చిన్న పుస్తకములు కలవు. అందు రేవులో నీళ్లు ముంచు ఆడువారు, పశువులు, కూలివాండ్రు, పిల్లలు పెన్సిలు గీతలలో నున్నారు. వీనిలో అజంతా లేదు, బొంబాయి లేదు. చూచినది చేతికి వచ్చినట్లు వచ్చినది. ఆయన బాణీ ముందుముందు ఎటు పోయెడిదో ఊహించువారు ఘనమైన చిత్రములకంటె ఈ పుస్తకములనే ముందు తిరుగవేయవలెనని నా అభిప్రాయము.

తానొక్కడు మారిన చాలదని ఆయన యెరుగును. 1923లో రాజమహేంద్రవరమున ఆంధ్ర సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అను సంఘమును స్థాపించి, చిత్రకళా పాఠశాలను నడిపెను. వరదా వెంకటరత్నము ఆయనకు మిత్రుడు, శిష్యుడు, కుడిభుజము. తెలుగు విద్యార్థి బొమ్మలు నేర్చుటకు వేయి మైళ్లు పోనక్కరలేకుండ చేయవలెనని వారి తలపు. అక్కడ పిల్లలకు నమూనా చిత్రములను ఎక్కించుటకంటె, గోదావరి గట్టుకు తీసికొనిపోయి చూచినదానిని గీయించుటకు ప్రాధాన్యమిచ్చిరి. కూల్డ్రే వారికి నేర్పిన పాఠమే అది. 1924లో లండను చెంత వెంబ్లీయందు జరిగిన బ్రిటిషు సామ్రాజ్య ప్రదర్శనమున రామారావు చిత్రములును ఉంచబడినవి. కీర్తి సముద్రములు దాటినది. పాఠశాల నిలదొక్కుకొనుచుండెను.

అంతలో 1925 వచ్చినది. రామారావునకు మశూచి సోకెను. నేటి బాలురకు ఈ వ్యాధి పేరు మాత్రమే తెలియును. మన దేశమున చివరి రోగి 1975లో కనబడెను. ఆ తరువాత అది భూమినుండియే తుడిచివేయబడినది. ఆ కాలమున మాత్రము అది ఊళ్లకు ఊళ్లను ఊడ్చుచుండెను. టీకా యున్నను అందరకును అందకుండెను. వైద్యుని యింట పుట్టిన రామారావును సైతము అది విడువలేదు. ఫిబ్రవరి 6వ తేదీన ఆయన రాజమహేంద్రవరముననే మరణించెను. బొంబాయి నుండి తిరిగివచ్చి నిండ అయిదేండ్లు కాలేదు. ఆయన వృద్ధుడు కాడు, అలసినవాడు కాడు, తన బాణీ ఇదియని తెలిసికొని, ఇక పని మొదలు పెట్టినవాడు.

అనారోగ్యము వలన కూల్డ్రే 1919లోనే ఇంగ్లండు చేరియుండెను. గురువు శిష్యుని కన్న మూడు దశాబ్దములకు పైగా ఎక్కువ కాలము జీవించెను.

మరణించిన చిత్రకారుని పటములు చెల్లాచెదరగుట సాధారణముగా జరుగు పని. ఒకటి జమీందారు మేడకు పోవును; ఒకటి చెదలపాలగును; ఒకటి ఎవరి గోడపై నున్నదో ఎవరికిని తెలియదు. రామారావు విషయమున అట్లు జరుగలేదు. భార్య సత్యవాణియు, వరదా వెంకటరత్నమును ఆ చిత్రములను ఒక్కచోట నిలిపిరి. వెంకటరత్నము తానును మంచి చిత్రకారుడయ్యు, తన పేరుకంటె మిత్రుని పేరునకే జీవితమును ధారవోసెను. రామారావు పేరనే చిత్రశాలను నడిపి, బాలబాలికలకు చిత్రలేఖనము నేర్పుచు, 1963లో మరణించువరకు దానిని కనిపెట్టుకొని యుండెను.

తెలుగు బొమ్మల బాణీ రామారావుతో ఆగిపోలేదు. పత్రికలు పెరిగిన కొలది చిత్రము గోడ దిగి పుటలోనికి వచ్చినది. తెజుకా జపానునందు కొత్త కన్నులను గీచిన 1947వ సంవత్సరముననే మదరాసులో నాగిరెడ్డి, చక్రపాణి చందమామను ప్రారంభించిరి. మీ తాతలు, తండ్రులు రాజులను, రాక్షసులను తొలుత చూచినది అందలి బొమ్మలలోనే. వడ్డాది పాపయ్య రంగులు వేరు. బాపు గీత వేరు. ఒకరి చిత్రమును చూచి మరియొకరిదని ఎవరును పొరబడరు.

రామారావు చిత్రములు నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేరిటి చిత్రశాలలో నున్నవి. గోదావరి స్నానమునకు పోవువారిలో కొద్దిమంది మాత్రమే అటు తొంగిచూతురు. వెళ్లినవారు ముందుగా బొంబాయి చదువునాటి పటముల కడ నిలిచి, పిదప ఋష్యశృంగుని కడకు నడచినచో, నడుమ గడచిన కాలము కొద్ది యేండ్లు మాత్రమేయని నమ్ముట కష్టము.